పోటులో రెక్కల కారు

పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం ఒడ్డునే పెరిగినవాడు, నీళ్ళు ఏ వేళకి ముందుకొస్తాయో ఏ వేళకి వెనక్కి పోతాయో గడియారం చూడకుండా చెప్పగలిగినవాడు, పట్టపగలు, రెండు కళ్ళూ తెరుచుకుని ఉండగానే, ప్రాణం కన్నా ఎక్కువైన కారును తీసుకెళ్ళి అలల్లో నిలబెట్టాడంటే మీరు నమ్మరు. నమ్మకండి. నేనూ చాలాకాలం నమ్మలేదు. కానీ ఆ ఘోరం చూసిన ముప్పై నలుగురు సాక్షులూ ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నారు. అదీ నా ఖర్మ.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. విజయనగరంలో ఒక టైర్ల షాపులో పని చేసేవాణ్ణి. నా అద్దె గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే మంచం ఎత్తాలి. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, ఆ గది గోడల నిండా కార్ల బొమ్మలు. ఇప్పటి కార్లు కాదండి. మా తాతలు గోచీలు పెట్టుకు తిరిగిన కాలం నాటివి. ఒకదానికి పైకప్పు మడత పడుతుంది, ఇంకోదానికి తలుపులు ఆకాశంలోకి లేస్తాయి. ఆశ లావు, పీక సన్నం అంటారు. నా విషయంలో పీక కూడా లేదు, ఉత్త ఆశే.

అలాంటి కారొకటి విజయనగరంలోనే, ఒక రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ గారి షెడ్డులో ఉండేది. వాళ్ళ మావగారి కాలం నాటి అమెరికా కారు. లేత నీలం రంగు, ముందు వెండి పళ్ళు, వెనక రెండు పొడవాటి రెక్కలు. దానికి సరిపోయే టైర్ల కోసం మాస్టారు మా షాపుకొచ్చారు. ఎక్కడా దొరకవని మా ఓనరు చెప్పేశాడు. నేను మూడు నెలలు తిరిగి, నలుగురి కాళ్ళు పట్టుకుని సంపాదించాను. ఆ పుణ్యానికి మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం ఆ కారు తుడిచే భాగ్యం దక్కింది. నడిపే భాగ్యం మాత్రం మాస్టారిదే.

ఒకరోజు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"సింహాద్రీ, నా కంట్లో శుక్లం ముదిరిందయ్యా. చూపు ఆనడం లేదు. వారానికోసారైనా రోడ్డెక్కకపోతే ఇంజను మూలపడుతుంది. వచ్చే ఆదివారం నువ్వొక్కడివే తీసుకెళ్ళు. వెళ్ళింది వెళ్ళినట్టు సాయంత్రానికి తెచ్చావా, ఇక ప్రతి ఆదివారం తాళం నీదే."

"అలాగే మాస్టారూ."

"ఒకటే షరతు. తారు రోడ్డు దిగకూడదు."

"దిగితే నా పేరు మార్చుకుంటాను మాస్టారూ."

ఆ శ్రమ నాకు లేకుండా మా ఊరివాళ్ళే మార్చేశారు. ఏమని మార్చారో మాత్రం చెప్పను.

సంగతి మీకు అర్థమైంది కదా. ఏడు జన్మలు టైర్లు విప్పి బిగించినా నేను కొనలేని కారు. వారానికో రోజు నాదవుతుంది. దానికి నేను చేయాల్సిందల్లా ఒకే ఒక్క రోజు బుద్ధిగా ఉండడం. అంతకన్నా సులువైన పరీక్ష ఈ భూమ్మీద ఎవరికీ ఎవరూ పెట్టలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. ఎక్కడికి? ఇంకెక్కడికి, మా ఊరికే. ఊరివాళ్ళు చూడని వైభవం ఎందుకండీ? పూసపాటిరేగ దాటి సముద్రం వైపు తిరిగితే మా పల్లె. తారు రోడ్డు చివరంటా ఉంది, కాబట్టి అంతవరకూ నేను సత్యహరిశ్చంద్రుడినే.

మొదట ఎదురొచ్చినవాడు అప్పలరాజు బావ, మా మేనత్త కొడుకు. చేపల వ్యాను నడుపుతాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏటిరా ఇది? ఇంత పొడుగున్నాది, ఎన్ని బుట్టలు పడతాయి?"

"బుట్టలేటి బావా. పెపంచకంలోనే గొప్ప కారిది."

"గొప్పదేలే. లీటరుకి ఎంతిస్తాది?"

"నాలుగు."

"నాలుగా? మా ఇంజను బోటు నయం కదరా."

అంతలో పోలయ్య తాత వచ్చాడు. మా ఊళ్ళో అలివి వలకి ఆయనే పెద్ద. అలివి వలంటే తెలుసు కదా, సముద్రంలో చుట్టూ వేసి, రెండు వైపులా తాళ్ళు పట్టుకుని ఊరు ఊరంతా ఒడ్డుకి లాగే పెద్ద వల. తాత రెక్కలు తడిమి చూసి, "సొరసేప లాగున్నాదిరా" అన్నాడు. మా పల్లెలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. అక్కడితో ఆగి, అత్త పెట్టే అన్నం తిని వెనక్కి తిరిగి ఉంటే, ఈ పాటికి నేను గౌరవనీయుణ్ణి.

కానీ నా గదిలో మంచానికి ఎదురుగా ఒక బొమ్మ ఉండేది. ఇలాంటి రెక్కల కారే, దాని వెనక సముద్రం, పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న తెల్లదొర. మూడేళ్ళుగా రోజూ ఆ దొరను లేపేసి నన్ను నిలబెట్టుకుంటున్నాను. ఇప్పుడు కారుంది, సముద్రముంది, నేనున్నాను. వదులుతానా? మా వంశంలో పట్టుదలకు నన్నే చెప్పుకోవాలి. మూడో తరగతి మూడుసార్లు చదివానంటే అది పట్టుదల కాక మరేమిటి?

"బావా, పది నిమిసాలు. ఒడ్డున ఒక్క పొటో" అన్నాను.

పోలయ్య తాత చుట్ట నోట్లోంచి తీశాడు. "ఒరే, పున్నమెల్లి ఒక్క రోజే అయినాది. పోటు పెద్దదొస్తాది. సూసుకో."

"నాకు తెల్దేటి తాతా? నాను ఈ ఊరోణ్ణి కాదేటి?"

పడవలు దించే బాట మీదుగా కారు దించాను. పొడి ఇసుకలో చక్రం కూరుకుపోతుంది కానీ, నీళ్ళు తీసిన తడి ఇసుక గచ్చులా గట్టిగా ఉంటుంది. ఆ విద్య నాకు తెలుసు. తెలిసినవాణ్ణి కాబట్టే ధైర్యంగా మునిగాను. తెలియనివాడైతే భయపడి బాగుపడేవాడు.

చొక్కా మార్చుకున్నాను. తల దువ్వుకున్నాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాను. బావ ఫోనుతో ఒక ఫోటో తీశాడు. ఫోటో చూస్తే సముద్రం ఎక్కడో దూరంగా గీతలా ఉంది. నాకు నచ్చలేదు. కారును నాలుగడుగులు వెనక్కి పోనిచ్చాను. మళ్ళీ తీశాడు. ఈసారి అల ఉంది కానీ నురగ లేదు. ఇంకో నాలుగడుగులు. నురగ వచ్చింది కానీ నేను కళ్ళు మూశాను. ఇంకాస్త వెనక్కి. నేను సముద్రం వైపు వెళుతున్నాను, సముద్రం నా వైపు వస్తోంది. పెళ్ళిచూపుల్లో కూడా రెండు పక్షాలకూ అంత తొందర ఉండదు.

"బావా, నా కాలు తడిసినాదేటి?"

"సముద్రంలో నిలబడ్డావు. తడవక ఏటవుతాది?"

చూస్తే వెనక చక్రాలు సగం దాకా నీళ్ళలో ఉన్నాయి. ఒక్క దూకు దూకి కారెక్కి స్టార్టు చేశాను. ఇంజను బ్రహ్మాండంగా పలికింది. చక్రాలు తిరిగాయి. కారు ముందుకు పోలేదు, కిందకు పోయింది. నేను పట్టుదలగా తొక్కాను, అది పట్టుదలగా దిగింది. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. మా ఇంట్లో పుట్టిన ఈ చేపపిల్లకు కాస్త నేర్పాల్సిందండీ.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మాస్టారు.

"సింహాద్రీ, బండి ఎలా ఉంది?"

"చల్లగా ఉంది మాస్టారూ." అది అబద్ధం కాదు.

"ఎక్కడున్నావు?"

"మా ఊళ్ళో. రోడ్డు పక్కనే." ఇది అబద్ధం.

"ఆ హోరేమిటి?"

"గాలండి."

"గాలి లెక్క ప్రకారం ఆగి ఆగి విరిగిపడుతోందే?"

ఫిజిక్స్ చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. ఫోను కట్ చేశాను. నా మీద ఎంత నమ్మకమున్నా కారు మీద బెంగ అంతకన్నా ఎక్కువ కాబట్టి, ఆయన అప్పటికే ఆటో కట్టించుకుని నా వెనకాలే వస్తున్నారని నాకు తెలియదు.

పోలయ్య తాత ఒక్క కేక పెట్టాడు. "అలివి తాళ్ళు తేండర్రా. బేగి."

వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు, చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు, బావ వాళ్ళమ్మ నూకాలమ్మత్తతో సహా అందరూ పరుగెత్తుకొచ్చారు. కారు ముందు భాగానికి రెండు తాళ్ళు కట్టారు.

"సింహాద్రీ, దిగి నువ్వూ ఒక సెయ్యెయ్యి" అన్నాడు తాత.

"నానెలా దిగుతాను తాతా? స్టీరింగు ఎవుడట్టుకుంటాడు? ఇదేటి పడవనుకున్నారేటి? దీని ఇలువ మీకు తెల్దు."

"ఇసకలో దిగడిపోయినాదే. స్టీరింగు తిప్పి ఏటి సేస్తావు?" అన్నాడు బావ.

"నాను దిగను."

దిగలేదు. తెల్లటి సీటు మీద పల్లకీలో పెళ్ళికొడుకులా కూర్చున్నాను. బయట వాళ్ళంతా "ఐలేసా" అంటూ లాగుతున్నారు. నేను లోపల స్టీరింగు కుడికీ ఎడమకీ తిప్పుతూ మహా కష్టపడుతున్నాను. మూడో ఊపుకి కారు కదిలింది. అప్పుడు ముందు అద్దంలోంచి కనిపించిందండీ ఆ దృశ్యం. తాడు చిట్టచివర తెల్లపంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, అందరితో పాటు "ఐలేసా" అంటున్నారు మాస్టారు. నా గుండె ఇంజను కన్నా ముందు ఆగింది.

కారు గట్టెక్కింది. ఇంజను దాకా నీళ్ళు రాలేదు. ఆడవాళ్ళు బోరింగు దగ్గర్నుంచి బిందెలతో మంచినీళ్ళు తెచ్చి ఉప్పంతా కడిగేశారు. నేను దిగి మాస్టారి కాళ్ళ మీద పడబోయాను. ఆయన నోరు తెరిచేలోపు పోలయ్య తాత అడ్డొచ్చాడు.

"పంతులు గారూ, ముందు వాటా సంగతి తేలాల."

"వాటా ఏమిటండీ?"

"అలివి తాడు మీద సెయ్యేసిన ప్రతీవోడికీ పడినదాన్లో వాటా ఉంటాది. ఊరోడైనా, పైవోడైనా. మా తాతల కాడ్నించీ అంతే. ఈ రోజు మాకు ఇది పడినాది."

ముప్పై నాలుగు వాటాలంటే కారును కోస్తారా? బావ అప్పటికే ఒక రెక్క మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"నాకు ఎనక సీటు సాలు" అంది నూకాలమ్మత్త.

మాస్టారు జారిన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "కోస్తే ఎవరికీ అక్కరకు రాదు. షికారు పంచుకుందాం. ఆదివారానికో వాటాదారు, తారు రోడ్డు మీద. నడపడానికి మనిషి కావాలి."

"నాను నడుపుతాను. తాడు కూడా పట్టేను" అన్నాడు బావ. మాస్టారు కారులోంచి తాళం తీసి వాడి చేతిలో పెట్టారు. నా తాళం. నా ఆదివారాలు. నిజంగా ఏడుపొచ్చింది.

"సమ్మతమే. మీకూ ఒక వాటా ఉన్నాది పంతులు గారూ, తాడట్టేరు కదా" అన్నాడు తాత. సొంత కారులో ముప్పై నాలుగో వంతు దక్కినందుకు మాస్టారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

"మరి నాకు తాతా?"

"నువ్వు తాడట్టినావేటి?"

"లోపల కూకుని అంత కట్టపడ్డాను కదా."

తాత నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఒలలో పడినది వాటా అడగదురా."

ఆ ఆదివారం నుంచి ఈ ఆదివారం దాకా ఆ కారు తిరుగుతూనే ఉంది. ఒక వరస అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. లీటరుకి నాలుగిచ్చే ఈ బండి కన్నా ఇంజను బోటే నయమన్న బావ ఇప్పుడు నల్లకళ్ళద్దాలు కూడా కొన్నాడు. నేను మాత్రం పట్టు వదల్లేదు. ప్రతి ఆదివారం బాల్చీ, గుడ్డ పట్టుకుని వెళుతున్నాను, కారు కడుగుతున్నాను. ఒక్కసారి నీ వాటా నాకియ్యవే అని నూకాలమ్మత్త గడ్డం పట్టుకుని బతిమాలాను.

"సేపలైతే ఇచ్చీదాన్నిరా నాయనా. కారు కదా" అంది.

అందుకే మొన్న శ్రీకూర్మం వెళ్ళి, స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి ప్రమాణం చేశాను. స్వామీ, ఈ జన్మలో ఏ కారు ఏ గోతిలో దిగబడినా, ఏ నీళ్ళలో మునిగినా, అది నాదైనా పరాయిదైనా, స్టీరింగు జోలికి పోను. ముందు తలుపు తీసి, కిందకు దిగి, తాడు పట్టుకుంటాను.