వెసూవియస్‌కి మొక్కుకున్నాను

వేసవి సెలవులకు మా మేడమ్ వాళ్ళు ఇటలీ వెళ్తున్నారని, నన్నూ తీసుకెళ్తున్నారని తెలియగానే నేను చేసిన మొదటి పని గొప్పలు చెప్పుకోవడం. బహ్రెయిన్‌లో శుక్రవారం సెలవు దొరికితే జిదాఫ్స్‌లో ఒక గదిలో కలుస్తాం మేం నలుగురం. అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే, అందరం ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళమే. ఆ రోజు చేపల పులుసు తింటూ ఏకరువు పెట్టాను. అక్కడ సముద్రం మధ్యలో దీవులున్నాయట, రెండు వేల ఏళ్ళ కిందట బూడిదలో కూరుకుపోయిన ఊరుందట, ఆ ఊరిని పూడ్చిన అగ్నిపర్వతం ఇంకా అక్కడే ఉందట, నేను దాని మీదకి ఎక్కుతానని.

మాలో పెద్దావిడ ముల్లు తీసుకుంటూ నవ్వింది. "ఎక్కుతావులే. నిన్ను తీస్కెళ్ళేది కొండెక్కించడానికేంటే? ఆళ్ళు తిరుగుతారు, నువ్వు గదిలో ముసలమ్మ దగ్గర కూకుంటావు. గోడలు మారతాయంతే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఒళ్ళు మండిపోయింది. ఎక్కి తీరతానని, పైనుంచి ఫొటో పంపిస్తానని అందరి ముందూ శపథం చేశాను. ఆ తర్వాత వెనక్కి తగ్గడానికి దారి లేదు.

ముసలమ్మ అంటే మా మేడమ్ తల్లి. అక్కడి ఇళ్ళల్లో పెద్దావిడని 'మామా' అని పిలుస్తాం. తొమ్మిదేళ్ళుగా నా డ్యూటీ ఆవిడే. డెబ్బై ఎనిమిదేళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు, వాటన్నిటినీ మించిన నోరు. ఆవిడ అరబ్బీ వేరు, నా అరబ్బీ వేరు. మధ్యలో నాలుగు హిందీ ముక్కలు కలుపుకుని ఇన్నాళ్ళూ కాపురం వెళ్ళదీస్తున్నాం.

మేం దిగిన ఇల్లు సోరెంటో అనే ఊళ్ళో. బాల్కనీలో నిలబడితే ఎదురుగా సముద్రం, దాని అవతల వెసూవియస్. బహ్రెయిన్‌లో కొండంటే సఖీర్ వైపు కనిపించే గుట్ట, కారు గేరు మార్చకుండానే ఎక్కేస్తుంది. ఇది అలా లేదు. నీలంగా, రెండు మూపురాలతో, పొద్దున్నే మబ్బు కప్పుకుని దర్జాగా కూర్చుంది. నాకు అదే రోజు దాని మీద మనసైపోయింది.

మొదటి రోజు పాంపే వెళ్ళాం. మామాని చక్రాల కుర్చీలో తోసుకుంటూ తిరిగింది నేనే గాని, నిజం చెప్పాలంటే డ్యూటీ సంగతే మర్చిపోయాను. రాతి వీధుల్లో బండి చక్రాలు అరిగించిన గాడులు ఇంకా ఉన్నాయి. వీధి మొగలో ఒక హోటలు. అరుగులో కుండలు దించి కట్టేశారు, వాటిలోంచే గరిటెతో వడ్డించేవాళ్ళట. పక్కన రొట్టెల కొట్టు, నా ఎత్తు తిరగళ్ళు, గుమ్మటం లాంటి పొయ్యి. ఆ పొయ్యి ముందు నిలబడి పని చేసినవాళ్ళకి ఎండాకాలంలో ఎంత చెమట పట్టి ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గొప్పవాళ్ళ మేడలు చూసి అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను వంటిళ్ళు వెతుక్కుంటూ తిరిగాను. మామాకి మాత్రం ఏదీ ఆనలేదు.

"మా దగ్గర ఇంతకంటే పాత సమాధుల దిబ్బలున్నాయి. దారిలో పోతూ చూడొచ్చు, ఈ తోపులాట లేదు" అంది.

రెండో రోజు కాప్రి దీవి. పడవ ఊగిన ఊపుకి మామా వాంతి చేసుకుంది. మిగతావాళ్ళు దీవంతా చుట్టి వచ్చేదాకా మేమిద్దరం రేవులో గొడుగు కింద కూర్చుని నిమ్మకాయ ఐసు తిన్నాం. కాప్రి ఎలా ఉందని ఎవరైనా అడిగితే రేవు చాలా బాగుందని చెప్పగలను.

మూడో రోజు వెసూవియస్. పొద్దున్నే పిల్లలు బూట్లు కట్టుకుంటుంటే నేనూ తయారై నిలబడ్డాను. మేడమ్ నా వైపు చూసి, "నువ్వూ వస్తే మామాని ఎవరు చూస్తారు?" అని మెత్తగానే అడిగింది. మెత్తగా అడిగితే ఏమీ అనడానికుండదు. వాళ్ళు వెళ్ళిపోయారు. జిదాఫ్స్‌లో పెద్దావిడ అన్నట్టే గోడలు మాత్రమే మారాయి. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కొండ వైపు చూశాను. దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. మా వైపు కొండంటే దేవుడుండే చోటు, ఉత్త కొండ ఉండదు. అన్నవరం, సింహాచలం, చిన్న తిరుపతి, అన్నీ ఎక్కినదాన్ని. చేతిలో తడి బట్టతోనే దండం పెట్టి, "నన్ను పైకి రానిస్తే చెప్పుల్లేకుండా ఎక్కుతాను సామీ" అని మొక్కేసుకున్నాను.

ఆ సాయంత్రం అన్నంలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాననుకున్నారు అందరూ. మర్చిపోలేదు.

మామా ఒక్క ముద్ద తిని నా మొహంలోకి చూసింది. పడుకోబెట్టేటప్పుడు, "తొమ్మిదేళ్ళలో నువ్వు ఉప్పు మర్చిపోవడం చూడలేదు. ఎవరి మీద కోపం?" అని అడిగింది. దాచడం చేతకాక అంతా చెప్పేశాను, ఒక్క మొక్కు సంగతి తప్ప. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు టిఫిన్ల దగ్గర గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "నేను ఆ కొండ దగ్గరికి వెళ్ళాలి."

"ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కుతావమ్మా?" అంది మేడమ్.

"నేను కింద కూర్చుంటాను. ఇది ఎక్కి వచ్చి నాకు చెబుతుంది. టికెట్ ఒకటి చాలు. ఖలాస్."

మేడమ్ నన్నొకసారి, తల్లినొకసారి చూసి, నవ్వేసి ఫోన్లో టికెట్ తీసింది.

మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకున్న అద్దె కారు సగం కొండ దాకా వెళ్ళింది. అక్కడ ఒక టీ కొట్టు నీడలో మామాని కూర్చోబెట్టి, డ్రైవర్‌ని పక్కన ఉండమని, ఆవిడ చూడకుండా చెప్పులు విప్పి సంచిలో దాచాను. "యల్లా, యల్లా" అని మామా వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ దారిలో ఉన్నది మట్టి కాదు, అగ్నిపర్వతం కక్కిన చిట్టెం. చూడ్డానికి మరమరాల్లా తేలిగ్గా ఉంటుంది, కాలు వేస్తే ప్రతి పలుకూ గుచ్చుకుంటుంది, పైగా ఎండకి కాలుతోంది. పావు దారిలోనే మొక్కు మార్చుకుందామా అనిపించింది. ఒక తెల్లవాళ్ళ జంట ఆగి నా కాళ్ళు చూసి కంగారుగా ఏదో అడిగారు. "గాడ్" అని పైకి చూపించాను. పాపం ఇద్దరూ తలెత్తి చాలాసేపు పైకి చూశారు.

పైన నిప్పు లేదు. పేద్ద గొయ్యి, లోపల బూడిద రంగు బండలు, ఒక పక్క నుంచి పొయ్యి ఆర్పాక వచ్చేంత పొగ. అయినా నాకేమీ తక్కువ అనిపించలేదు. ఒక వైపు సముద్రం, దీవులు, ఇంకోవైపు కిందెక్కడో పాంపే. ఎవరికీ మందులివ్వాల్సిన పని లేకుండా, ఎవరూ పిలవకుండా పది నిమిషాలు నిలబడ్డాను. ఎంత సంతోషమేసిందో! ఎవరో అమ్మాయిని అడిగి ఫొటో తీయించుకుని అక్కడి నుంచే పంపాను. జిదాఫ్స్ పెద్దావిడ దగ్గర్నుంచి వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఓసి నీ దుంపతెగ, నిజంగానే ఎక్కేసేవే!"

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. కుంటుకుంటూ టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి మామా కళ్ళు నేరుగా నా కాళ్ళ మీద పడ్డాయి.

"చెప్పులేవి? దెబ్బ తగిలితే తెలీదు, తెలిసేసరికి ఖలాస్! ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచింది. షుగరు కాళ్ళతో ఆవిడ మంచం దిగినప్పుడల్లా నేను అరిచే మాటలవి, నా గొంతుతో సహా దింపేసింది. డ్రైవర్ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

"నదర్, మామా" అన్నాను. అరబ్బీలో మొక్కుని అలాగే అంటారు. మనవలకి జ్వరమొస్తే ఆవిడ మొక్కే మొక్కులన్నీ నాకు తెలుసు.

"నదర్ అయితే తీర్చాల్సిందే" అంది. "కూర్చో."

డ్రైవర్ చేత నీళ్ళ సీసా తెప్పించింది. నా కాలు పట్టుకుని లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. "వద్దు మామా, వద్దు" అని వెనక్కి లాక్కోబోయాను. "కదలకు" అని గట్టిగా పట్టుకుని, నీళ్ళు పోసి, కళ్ళజోడు సర్దుకుని, గోటితో ఒక్కొక్క నల్ల పలుకూ తీసింది. రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్ళతో ఆవిడ కాళ్ళు కడిగి, తుడిచి, నూనె రాసేది నేను. ఆవిడ నా కాలు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆవిడ ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా తడిసి బూడిద కొట్టుకుపోయింది. అక్కడున్న వాళ్ళందరూ చూస్తున్నారని తెలిసినా నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ తలెత్తి చూడలేదు. ఇంకో కాలు పెట్టమంది.