నది వస్తుందన్న మనిషి

గేనారామ్‌ను ఊళ్లో అందరూ ఖాళీగ్లాసు బాబు అనేవారు. థార్ ఎడారిలో ఆ ఊరి పక్కన, ఇసుకదిబ్బ మీద కంచె వేసిన చిన్న జాగా ఉంది. అందులో తెల్లరంగు చెక్కపెట్టెలో గాలిలో వేడి కొలిచే గాజుగొట్టాలు, గాలి దిక్కు చూపే ఇనుప బాణం, వాన కొలిచే పాత్ర. పూటపూటా వాటిని చూసి జోధ్‌పూర్ ఆఫీసుకు ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. వరసగా మూడేళ్లు వాన ముఖం చూడని ఊళ్లో వాన కొలిచేవాడి గతి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? టీకొట్టు ఊమారామ్ కాకా పనిగట్టుకుని పిలిచి మరీ అడిగేవాడు, "ఏం బాబూ, గ్లాసులో ఏమైనా పడిందా, మమ్మల్నే పొయ్యమంటావా?" అని.

గేనారామ్ నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక మాత్రం రొట్టె సయించేది కాదు. అబద్ధమెందుకు, ఆ మనిషికి ఆకాశమంటే పిచ్చి. వడగాడ్పుకు భయపడి ఊరంతా తలుపులు బిగించుకుని పడుకుంటే, ఈయన తలమీద తడిగుడ్డ వేసుకుని కంచె దగ్గర నిలబడేవాడు. దుమ్ముతుఫాను లేచే ముందు పడమర రాగిరంగుకు తిరగడం, సుడిగాలులు పొలాల మీద తిరగడం, అన్నీ ఆయనకు కావాలి. మబ్బు దించిన వాన నేలను తాకకుండా మధ్యలోనే ఎండిపోయిన రోజున ఏడ్చినంత పని చేసేవాడు. ఆయన వస్తుందన్న వాన ఒక్కటీ వచ్చిన పాపాన పోలేదు. ఒక్కసారైనా తన మాట నిజం కావాలి, ఊరు తనను నమ్మాలి. ఉన్నదల్లా అదొక్కటే కోరిక పాపం.

భార్య ధాపు నోరున్న మనిషి. మొగుణ్ణి ఇంట్లో తను ఎన్నైనా అనేది, బయటివాళ్లు అంటే మాత్రం పడేది కాదు. ఒకసారి టీకొట్టుకే వెళ్లి, మా ఆయన గ్లాసు సంగతి సరే, నీ టీలో పాలెప్పుడు పడతాయో చెప్పమని కాకాను నలుగురిలో అడిగేసి వచ్చింది.

ఆ ఏడు శ్రావణం సగమయ్యాక గాలి తిరిగింది. అంతవరకూ నిప్పులు చెరిగిన పొడిగాలి ఆగి, నైరుతి నుంచి తేమగాలి మొదలైంది. ఒంటిమీద చెమట ఆరడం మానేసింది. మధ్యాహ్నానికి దూరాన తూర్పు కొండల మీద మబ్బులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి, పైన పెనంలా చదునుగా పరుచుకున్నాయి. ఊరిమీద మాత్రం ఎండే. అంతలో, కొండల కింద తనలాంటి ఉద్యోగమే చేసే హడ్మాన్ ఫోన్ చేశాడు. "ఇక్కడ కుండపోత అన్నా. నా పాత్ర నిండి పొర్లిపోతోంది. మీకు నది వచ్చేస్తుంది, చూసుకో."

గేనారామ్‌కు ప్రాణం లేచొచ్చింది. వాన పాత్ర పొర్లిపోవడమంటే ఎంత వరదో ఆయనకు తెలియదా? ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కానీ ఆ క్షణాన చెవికెక్కింది నది అన్న మాటొక్కటే. చెప్పులైనా వేసుకోకుండా టీకొట్టుకు పరుగెత్తాడు. "సాయంత్రానికి నది వస్తుంది. రాకపోతే నా తలపాగా తీసి మీ కాళ్ల దగ్గర పెడతా" అన్నాడు. ఎంత వస్తుందో, ఎలా వస్తుందో చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఎందుకు అడుగుతారు? ఆ ఊరి నది ఏడాది పొడుగునా వట్టి ఇసుక. వచ్చిన ఏడు కూడా పాకే బిడ్డలా వస్తుంది. ముందు నురగ, గడ్డిపరకలు, వెనక చీలమండలోతు నీళ్లు. ఆడవాళ్లు ఇసుక నడిమధ్య వట్టికాళ్లతో ఎదురు నిలబడి, నీళ్లు పాదాలు తాకగానే కొబ్బరికాయ కొట్టి ఎర్రచున్నీ కప్పుతారు, పుట్టింటికొచ్చిన ఆడపడుచుకు కప్పినట్టు. గట్టుమీద నిలబడి చూడటం అక్కడ మర్యాద కాదు.

కాకా నవ్వాడు, కొట్టు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. ధాపు మాత్రం ట్రంకుపెట్టె తెరిచి తన పెళ్లినాటి చున్నీ తీసింది. అదెందుకు, పాతదేదైనా తీసుకెళ్లమన్నాడు గేనారామ్. వాళ్లకు పెంపు అని ఒక కూతురు, అత్తారింట్లో ఉంటుంది. ధాపు మొగుణ్ణి ఆ పిల్ల పేరుతోనే పిలిచేది.

"పెంపు వాళ్ల నాన్నా, ఇన్నేళ్లలో నీ మాట నేనూ నమ్మలేదు. ఇవాళ నమ్ముతున్నా. ఆ కాకా చూస్తుండగా అందరికంటే ముందు నేనే నిలబడతా" అంది.

ఆమె కదిలితే వెనకే ఆడవాళ్లు కదిలారు, డప్పులు కదిలాయి. చివరికి నవ్విన వాళ్లు కూడా వెళ్లారు. సాయంత్రం లెక్కలు చూసే వేళైందని గేనారామ్ దిబ్బ మీదే ఉండిపోయాడు. చూసేసి వచ్చేస్తానన్నాడు.

గాజుగొట్టాలు చూసి తలెత్తేసరికి నది మలుపులో దుమ్ము లేస్తోంది. నీళ్లకు ముందు దుమ్ము లేవడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ వెనకే మట్టిరంగు గోడ, నిలువెత్తున, చెట్లను దొర్లించుకుంటూ. పారిపొండని గొంతు చించుకున్నాడు. ఎదురుగాలి డప్పుల మోతను పైకి తెచ్చిందేగానీ, ఈయన కేకను కిందికి పోనివ్వలేదు. దిబ్బ దిగుతూ, పడుతూ లేస్తూ, తలపాగా విప్పి బారలకొద్దీ గుడ్డను గాలిలో ఊపాడు. కిందివాళ్లు చూశారు. బాబు మాట నెగ్గించుకున్నాడు, అందుకే గంతులేస్తున్నాడనుకున్నారు. డప్పులు ఇంకా జోరందుకున్నాయి. అందరికంటే ముందు నిలబడ్డ ధాపు ఇటు తిరిగి, రెండు చేతులా చున్నీ పైకెత్తి, ఆయనకు జవాబుగా ఊపింది.

గట్టుకు దగ్గరున్నవాళ్లు ఎక్కారు. నడిమధ్య ఉన్నవాళ్లు ఎక్కలేదు.

మర్నాడు జోధ్‌పూర్ నుంచి ఫోన్ చేసి వాన ఎంత అని అడిగారు. ఊరిమీద చుక్క పడలేదు. పాత్ర ఖాళీ అని చెప్పాడు. ఆ మాట ఎప్పుడూ చెప్పేదే. ఇంకేమైనా విశేషాలున్నాయా అని వాళ్లు అడిగితే ఫోన్ పెట్టేశాడు.

ఊరు తన మీద పడి కొడుతుందేమోనని ఎదురుచూశాడు. కొట్టినా బాగుండేది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మూడోనాడు కాకా, ఇసుకలో దొరికిన తలపాగా దులిపి పట్టుకొచ్చాడు. పక్కన కూర్చుని తన చేత్తోనే ఆయన తలకు చుట్టాడు.

"నువ్వన్నట్టే వచ్చింది బాబూ. ఇకమీదట ఈ ఊళ్లో నీ మాట కాదనేవాడు లేడు" అన్నాడు, ఓదార్పుగా.

కాదనేవాడు నిజంగానే లేడు. తూర్పున మబ్బేస్తే చాలు, ఊరంతా కంచె దగ్గరికొచ్చి ఆయన ఏమంటాడోనని నిలబడుతుంది. గేనారామ్ గాజుగొట్టాలు చూస్తాడు, గాలి చూస్తాడు. నోరు మాత్రం పెగలదు.