మా బావ చేయించిన తలుపు

మా బావ పోయాడని మా అక్క నాకు చెప్పలేదు. ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావను ఎక్కడికి తీస్కపోవాల్నో తెలుస్తలేదురా, జల్ది రా" అంది. అంతే. దవాఖానలో పడుకున్న మనిషిని ఎక్కడికి తీసుకుపోవాలని ఎవరూ ఊరికే అడగరు. నేనప్పుడు చిక్కడపల్లి మార్కెట్లో దొండకాయలు ఏరుతున్నాను. చేతిలో ఉన్నవి గంపలోనే పెట్టేసి బయలుదేరాను. "ఏందయ్యా, అన్ని ఏరి గట్లనే పోతవా?" అని గంపామె వెనకనుంచి తిడుతూనే ఉంది.

ఎక్కడికి తీసుకుపోవాలి? ఈ ఒక్క ప్రశ్న మళ్లీ ఎవరూ అడగకూడదనే మా బావ ముసలితనంలో ఇల్లు కట్టించాడు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, మా అక్కా నేనూ.

ఆయన కాచిగూడలో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. పనిచేసినన్నాళ్లూ తెల్లపరుపు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఊళ్లో ఆడవాళ్లందరికీ చీరలు విప్పి చూపించాడు. "చూడనీకి పైసల్లేవమ్మా, చూడుండ్రి" అనేది ఆయన మాట. గుట్టెడు చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా పోయినవాళ్లను కూడా ఒక్కమాట అనేవాడు కాదు. "వద్దన్న చీరనే మంచిగ మడత పెట్టాలె బామ్మర్దీ. తీస్కున్నదాన్ని ఎట్లాగూ ఆమె చూస్కుంటది" అనేవాడు. కొనేదెవరో కొననిదెవరో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "కొనేటామె ముందుగాల ధర అడగది. అంచు పట్టుకొని వెలుతురుకు పోతది" అన్నాడు. నేను నారాయణగూడలో పుస్తకాలకు అట్టలు కుట్టి బతికినవాణ్ణి. కుట్టే ముందు చదివేవాణ్ణి కూడా. ఇంత పొట్టిగా ఇంత నిజం చెప్పినవి ఆ పుస్తకాల్లో తక్కువే కనబడ్డాయి. ఆ మాట బావకు చెబితే, "అందుకే గద, నువ్వు కుట్టిన పుస్తకాలు ఆర్నెల్లకే ఊడిపోతయ్, చదువుడు ఎక్కువ, కుట్టుడు తక్కువ" అని నవ్వాడు.

అన్నేళ్లూ కిరాయి ఇళ్లే. చిక్కడపల్లిలో ఒక గల్లీ, నారాయణగూడలో ఇంకో గల్లీ, మళ్లీ చిక్కడపల్లి. ఇల్లుగలవాళ్లు ఎంతమంది ఉంటారని అడుగుతారు, కూర ఏం వండుతారని అడుగుతారు, నీళ్లెన్ని వాడతారని అడుగుతారు. అడగకుండా కళ్లతో చూసేది ఇంకొకటుంటుంది. వెంట వచ్చిన ముసలామె ఎలా నడుస్తోంది, దగ్గుతోందా, ఆయాసపడుతోందా అని. మా బావ వాళ్లమ్మకు ఉబ్బసం. ఇల్లు చూడటానికి పోయే ముందు ఆమెకు వేడినీళ్లు తాగించి, "అమ్మా, గాయనతోని మాట్లాడినంతసేపు దగ్గకే" అని బతిమాలి తీసుకుపోయేవాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది. ఇల్లు దొరికాక బయటికొచ్చి, గల్లీ మలుపులో గోడ పట్టుకుని తనివితీరా దగ్గేది. "సాలునా కొడుకా? మంచిగనే ఆపిన్నా?" అని నవ్వేది కూడా. ఆ నవ్వు చూసి మేమూ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

ఆమె పోయింది కూడా దవాఖానలోనే. వానాకాలం. బండిలో తెచ్చేసరికి ఇంటాయన గేటుకడ్డంగా నిలబడి ఉన్నాడు. చెడ్డమనిషేం కాదు, పండుగపూట వాళ్లింట్లో చేసిన పాయసం గిన్నెతో పంపేవాడు. ఆ రోజు రెండు చేతులూ జోడించాడు. "ఏమనుకోకు బిడ్డా. పిల్ల లగ్నం పెట్టుకున్నం. కిరాయికిచ్చిన ఇంట్ల పీనుగను పెట్టనిచ్చుడు మాదాంట్ల లేదు." వాళ్లదాంట్లో, అంటే వాళ్ల ఆనవాయితీలో, లేకపోవడమేముంది, ఈ పట్నంలో ఎవరిదాంట్లోనూ లేదు. మా బావ గొడవ పడలేదు. ఆమెను గల్లీలోనే, కిరాణా దుకాణం పక్కన, రోడ్డు మీద చాప పరిచి పడుకోబెట్టాం. శామియానా తెచ్చాం కానీ, సిమెంటు రోడ్డు మీద గుంజ ఎక్కడ పాతుతాం? ఒక మూల గుంజను మా బావే పట్టుకుని నిలబడ్డాడు. కొరివి పెట్టాల్సిన కొడుకు, తల్లి పక్కన కూర్చోకుండా గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు నలుగురు దుప్పట్లు అడ్డంపెట్టి ఆమెకు స్నానం చేయించారు. ఆ దుప్పట్ల అవతల స్కూటర్‌వాడెవడో సంగతి తెలియక హారన్ కొడుతూనే ఉన్నాడు.

తర్వాత మా బావ ఆ రోజు గురించి ఒక్క మాటే అనేవాడు. "మా అమ్మకు జాగ దొరకలేదు."

అశోక్‌నగర్‌లో ఆయన ఎప్పుడో కొనిపెట్టుకున్న చిన్న జాగా ఉండేది. దాని మీద కోర్టు కేసు. అది తెమిలేసరికి కొలువు అయిపోయింది, మోకాళ్లూ అయిపోయాయి. కొడుకు, అంటే మా మేనల్లుడు, లోను తీసుకున్నాడు. ఇల్లు మొదలైంది.

మా కాలంలో ఇల్లు కట్టడమంటే మేస్త్రీ ఏది కడితే అది ఇల్లు. ఇప్పుడలా కాదు. కంట్రాక్టర్ దగ్గర పనిచేసే ఇంజనీరు కుర్రాడు పలకలాంటి ఫోన్ పట్టుకుని వస్తాడు. వేలితో ఇలా అంటే గోడ పచ్చగా అవుతుంది, అలా అంటే నీలంగా అవుతుంది. కిటికీకి పది రకాలు, నల్లాకు ఇరవై రకాలు. మేనల్లుడూ కోడలూ ఆ ఫోను చుట్టూ చేరి గంటలు గంటలు కూర్చునేవాళ్లు. మా బావను టైల్స్ దుకాణానికి తీసుకుపోయారు, నేనూ పోయాను. అక్కడి సేల్స్‌మన్ ఒక్కో టైలూ మోసుకొచ్చి చూపిస్తుంటే మా బావకు కాలు ఒకచోట నిలవలేదు. వద్దన్న టైలునల్లా తనే ఎత్తి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. చివరికి కొడుకు చెవిలో, "అరేయ్, ఇన్ని మోసిండురా పాపం, ఏదో ఒకటి తీస్కో" అన్నాడు. అందుకే ఆ హాలులో మిర్చిబజ్జీ పిండి రంగు టైల్స్ పడ్డాయి. ఆ రంగు ఇష్టపడి తీసుకున్నది ఎవరూ కాదు.

అంత మెత్తటి మనిషి మూడు విషయాల్లో మాత్రం బండరాయి. గేటు దాటగానే నల్లా ఉండాలి, కింద నీళ్లు పోయే తూము ఉండాలి. తలుపు ముందు మెట్లు వద్దు, వాలు కావాలి. తలుపు రెండు రెక్కలది కావాలి.

"అంకుల్, ఈ నల్లా ఇక్కడెందుకు? కారు కడగనీకా?" అని ఇంజనీరు అడిగాడు.

"ఆ, కడగనీకే" అన్నాడు మా బావ.

తలుపు దగ్గర పెద్ద పేచీ. హాలు చిన్నది, అంత వెడల్పు తలుపు పెడితే సోఫా పట్టదని కోడలు అంది. "సోఫా నీ ఇష్టమమ్మా, రంగులు నీ ఇష్టం, వంటిల్లు నీ ఇష్టం. ఈ తలుపొక్కటి నాకు వదిలెయ్యి బిడ్డా" అన్నాడు. ఇంకేమంటుంది?

ఒకరోజు నేను పోయేసరికి ఇద్దరు కూలీల చేత మనిషంత పొడుగు పలకను మోయిస్తూ, గేటులోంచి వాలు మీదుగా, ఇంకా చౌకట్టు పెట్టని ఆ సందులోంచి హాలులోకి తీసుకుపోతున్నాడు. "గట్ల గాదు. చెరో పక్కకు ఇంకొకలు రావాలె. బామ్మర్దీ, నువ్వు ఈ పక్కకు రా, నేను ఆ పక్క పట్టుకుంట." నలుగురం మోసాం. "బీరువ కోసమా సార్?" అన్నాడు మేస్త్రీ. "ఆ, బీరువ లెక్కనే అనుకో. వంచొద్దు, ఒరగబెట్టొద్దు. సక్కగ పోవాలె." హాలులో పలకను దింపించి, దాన్ని దక్షిణపు గోడకేసి తిప్పించాడు. తల దక్షిణానికి. అప్పుడు నాకర్థమైంది. నా మొహం చూసి నాకర్థమైందని ఆయనకూ అర్థమైంది.

కూలీలు పోయాక మండిపడ్డాను. "ఇల్లు కట్టుకునేటోళ్లు పడకగది ఎట్లుండాలె, పూజగది ఎటుండాలె అని చూస్కుంటరు. నువ్వేంది బావా, సచ్చుడుకు కొలతలు తీస్తున్నవ్?"

ఆయనేం కోపం తెచ్చుకోలేదు. సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. "బతకనీకి ఏ ఇల్లయినా సరిపోతది బామ్మర్దీ. ఇన్నేండ్లు కిరాయింట్ల బతకలేదా? సొంతిల్లు ఎందుకంటె ఆ ఒక్క పూట కోసమే." చేతులకంటిన దుమ్ము దులుపుకుని, "పిల్లలకు చెప్పకు. సంబురంగ కట్టుకుంటున్నరు" అన్నాడు.

చౌకట్టు ముషీరాబాద్ కలప అడితి నుంచి వచ్చింది. జానెడు తక్కువ. అందరూ పోనీ అన్నారు. నేనూ అన్నాను. జానెడుకు ఏం పోతుందన్నాను. మా బావ ఒప్పుకోలేదు, వెనక్కి పంపించాడు. మళ్లీ కలప కోసి, ఆరబెట్టి, చేసి తెచ్చేసరికి గృహప్రవేశానికి పెట్టుకున్న ముహూర్తం కాస్తా దాటిపోయింది, మూఢం వచ్చిపడింది. మూఢంలో కొత్తింట్లో పాలు పొంగించరు, అడుగుపెట్టరు. ఇల్లంతా తయారై తాళం వేసుకుని కూర్చుంది. ఆయన చిక్కడపల్లి కిరాయి ఫ్లాటు నుంచి రోజూ పొద్దున్నే నడిచొచ్చి, గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు. "నా ఇంటికి నేనే వాచ్‌మన్" అనేవాడు. పట్టువదలక చేయించుకున్న ఆ జానెడే ఆయన కోరుకున్న ఆ ఒక్క పూటకు అడ్డం పడుతుందని మాలో ఎవరికీ తోచలేదు. మూఢం పోకముందే గుండె ఆగింది.

మార్కెట్ నుంచి నేను పోయేసరికి అంబులెన్స్ అశోక్‌నగర్ గల్లీలో, ఆ గేటు ముందే ఆగి ఉంది. చిక్కడపల్లిలో వాళ్లున్న ఫ్లాటు ఓనరు ఫోన్‌లో నిజంగానే ఏడ్చాడట, కానీ కమిటీవాళ్లు ఒప్పుకోరన్నాడట. మేనల్లుడు ముహూర్తం పెట్టిన అయ్యగారికి ఫోన్ చేస్తే, "ప్రవేశం కాని ఇంట్లోకి శవంతోని పోతరా? ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉంది గదా" అన్నాడు. కోడలికి ఏడో నెల. ఆమె తల్లి ఆటో దిగకుండానే కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. మేనల్లుడు నన్ను చూసి, "మామా, నువ్వు చెప్పు, ఏం జేద్దాం?" అన్నాడు. నేను అంబులెన్స్‌లో కూర్చున్న అక్కవైపు చూశాను.

"జర జల్ది చెప్పుండ్రన్నా, ఇంకో కేసుంది" అన్నాడు డ్రైవరు.

మా అక్క దిగింది. కొంగున కట్టుకున్న తాళంచెవులు విప్పి గేటు తీసింది. వాలు ఎక్కి తలుపు తీసింది, రెండు రెక్కలూ. లోపలికే అనుకున్నాం అందరం. ఆమె హాలులోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ఆటోలో కోడలివైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇక్కడ పెట్టుండ్రి" అని గేటుకూ తలుపుకూ మధ్యన నేల చూపించింది. "గేటు లోపలికైతే వచ్చిండు గదా. రోడ్డు మీద లేడు. సాలు." ఆయనుంటే ఆయనే ఈ మాట అనేవాడని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

నల్లా తిప్పితే ముందు తుప్పునీళ్లొచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. ఆ నీళ్లతోనే స్నానం చేయించాం. దుప్పట్లు అడ్డం పట్టుకునే అవసరం లేదు, ప్రహరీ ఉంది. పక్క హాస్టల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలు కిటికీలు మూసుకున్నారు. తెరిచిన తలుపులోంచి హాలంతా కనబడుతూనే ఉంది, ఎవరూ తొక్కని టైల్స్‌తో. నలుగురు మోస్తూ వంచకుండా, ఒరగబెట్టకుండా చక్కగా పోయేంత వెడల్పుంది ఆ తలుపు. మేం నలుగురం ఆయన్ని ఎత్తుకుని గేటువైపే తిరిగాం.

కొత్తిల్లు ఇక ఏడాదిదాకా తెరిచేది లేదు, ఏటిసూతకం. ఆయన్ని పడుకోబెట్టిన చోట దీపం పెట్టాలి, పదకొండో రోజుదాకా కొండెక్కకూడదు. ఆరుబయట దీపం ఎక్కడ నిలుస్తుంది? మేనల్లుడు చుట్టూ ఇటుకలు పేర్చాడు, రేకుముక్క కప్పాడు. ఆరుతూనే ఉంది. మా అక్క వెలిగిస్తూనే ఉంది. రెండో రోజు సాయంత్రం జల్లు పట్టింది. ఆమె చీరచెంగు దీపానికి అడ్డంపెట్టుకుని వానలో వంగి కూర్చుంది. నేను వెళ్లి గొడుగు పట్టుకుని నిలబడ్డాను. గొడుగు కర్ర చేతిలో ఉంటే ఎవరు గుర్తొచ్చారో చెప్పక్కర్లేదు.

గేటు బయటనుంచి కోడలు గొంతు వినబడింది. "అత్తమ్మా, దీపం లోపల పెట్టుండ్రి."

"నీకేమన్న పిచ్చి లేసిందా? సప్పుడు జెయ్యక రా" అని వాళ్లమ్మ రెక్క పట్టి గుంజింది.

"నువ్వాగమ్మా. మనిషిని బయటనే పెట్టినం. దీపాన్ని గూడ బయటనే పెడ్తమా?"

మా అక్క లేచింది. తాళం తీసింది. ఒక్క ప్రమిద పోవడానికి ఒక్క రెక్క చాలు. ఆమె కిందా మీదా గడియలు తీసి రెండు రెక్కలూ బార్లా తెరిచి, అప్పుడు దీపం ఎత్తుకుని లోపలికి నడిచింది.

కిటికీలకు ప్లాస్టిక్ కాగితాలు ఇంకా తియ్యలేదు. సోఫా లేదు, మనుషుల్లేరు. ఖాళీ హాలులో దక్షిణపు గోడ పక్కన, ఎవరికీ నచ్చని ఆ టైల్స్ మీద, దీపం కదలకుండా వెలుగుతోంది.