ఒబియాగెలి వదులుకున్న వంతెన

విదేశంలో కొడుకు ఉంటున్న వెర్రిబీ ఊళ్ళో ఇండియన్ కొట్టుకి వెళ్ళి బెండకాయలు ఏరుకుంటూ ఉదయలక్ష్మి పక్కకి చూసింది. తలకి నీలం గుడ్డ చుట్టుకున్న ఒక ఆఫ్రికా పెద్దావిడ అచ్చం తనలాగే ఒక్కో కాయ కొస విరిచి చూస్తోంది. పుటుక్కుమంటే సంచిలోకి, వంగితే పక్కకి. కొట్టాయన కౌంటర్లోంచే విసుక్కున్నాడు.

"ఆంటీ, ప్లీజ్. అన్నీ అలా విరిచేస్తే మిగతావాళ్ళు ఏం కొంటారండీ?"

అతను తెలుగులో అన్నది ఉదయలక్ష్మితోనే అయినా, సంగతి ఆవిడకీ అర్థమైంది. "విరవకుండా లేతదో ముదురుదో ఎలా తెలుస్తుంది నాయనా?" అని ఇంగ్లీషులో అడిగింది. గొంతు పెంచలేదు, అయినా ఆ మాట కొట్టంతా వినిపించింది. కాకినాడలో ముప్ఫయ్యేళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన ఉదయలక్ష్మికి తెలిసిపోయింది, అది నలుగురి ముందూ నిలబడి మాట్లాడి అలవాటైన గొంతు అని.

ఆవిడ పేరు ఒబియాగెలి. నైజీరియాలోంచి వచ్చి, ఇక్కడ నర్సుగా చేస్తున్న కూతురి దగ్గర ఉంటోంది. ఉదయలక్ష్మి భర్త ద్వారకానాథ్ పోయాక కొడుకు బాలమురళి దగ్గరికి వచ్చి రెండేళ్ళవుతోంది. ఇద్దరి ఇళ్ళూ దగ్గర దగ్గర వీధుల్లోనే. కొట్లో మొదలైన పరిచయం నది ఒడ్డున పొద్దుటి నడకల్లో ముదిరింది.

ఒకరోజు మాటల మధ్య ఒబియాగెలి, "నేను శాసనసభలో ఉన్నప్పుడు..." అంది.

ఉదయలక్ష్మి ఆగిపోయింది. "సభలోనా? మీరు ఎమ్మెల్యేనా?"

"మీ దగ్గర అలా అంటారా? అయితే అదే. మా రాష్ట్రంలో రెండుసార్లు గెలిచాను."

ఉదయలక్ష్మి ఎరిగిన ఎమ్మెల్యేలు వేరు. వాళ్ళ వెనక కార్లు, ముందు దండలు. ఈవిడేమో కూతురి పాత జాకెట్ వేసుకుని, బస్సు కోసం పరుగెత్తే మనిషి. ఆ రోజు ఇద్దరూ బెంచీ మీద కూర్చుండిపోయారు.

ఒబియాగెలి ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి చనిపోయాడు. దినాలు కాకముందే బాబాయిలు వచ్చి తల్లికి తల గొరిగించారు, నల్లబట్ట కట్టించారు. ఏడాది తిరిగాక ఇంటికి తాళం వేసుకున్నారు. తల్లి పిల్లల్ని తీసుకుని ఏరు దాటి పుట్టింటి ఊరు చేరింది. తాటినూనె తీసి అమ్మి వాళ్ళని చదివించింది. ఒబియాగెలి జాగ్రఫీ టీచరైంది, ఉపాధ్యాయుల సంఘంలో తిరిగింది. సైనిక పాలన పోయి ఎన్నికలొచ్చినప్పుడు, బడిపంతులమ్మ అయితే చెప్పినట్టు వింటుందని పార్టీ పెద్దలు ఆమెను నిలబెట్టారు.

"విన్నారా మరి?" అని అడిగింది ఉదయలక్ష్మి.

"మొదటి నెల విన్నాను."

ఏటి మీద వంతెన కట్టిస్తానన్నది ఆమె జనానికి ఇచ్చిన మాట. అక్కడి పిల్లలు చెట్టుమాను తొలిచిన దోనెల్లో కూర్చుని బడికి వెళ్ళేవాళ్ళు. వానాకాలం వస్తే అదీ లేదు. కానీ సభలో అడుగుపెట్టాక ఆమె ముందు రాసింది వేరే బిల్లు. భర్త పోయిన ఆడదాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టకూడదు, బలవంతంగా తల గొరిగించకూడదు అని. మొదటిసారి చదివినప్పుడు సభ నవ్వింది. "ఇది చట్టమైతే మా పెళ్ళాలు మా చావు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు" అన్నాడు ఒకాయన. రెండోసారి కమిటీకి పంపి మరిచిపోయారు. మళ్ళీ గెలిచి మూడోసారి తెచ్చింది. అప్పుడు అవతలి జిల్లా నాయకుడొకడు ఆమెను టీకి పిలిచాడు. అతని చేతిలో సభ్యులు చాలామంది ఉన్నారు. "మా వాళ్ళందరూ మీకు ఓటేస్తారు. ఈసారి వంతెన డబ్బు మాత్రం మా ఏటికి వదిలెయ్యండి" అన్నాడు.

ఆమె ఊరెళ్ళి తల్లిని అడిగింది. తల్లి ఎటూ తేల్చలేదు. "నీకు ఓటేసినవాళ్ళందరూ వంతెన కోసమే వేశారు. నేనూ వేశాను. నన్ను అడక్కు" అంది.

ఒబియాగెలి ఒప్పుకుంది. వంతెన పోయింది, బిల్లు చట్టమైంది. తరవాతి ఎన్నికల్లో ఆమె సొంత ఊరిలోనే ఓడిపోయింది. ఏటి రేవులో ఒకావిడ అందరి ముందూ నిలదీసిందట. "మేం వంతెన అడిగితే నువ్వు కాగితం తెచ్చావు" అని.

"తప్పు చేశాననిపించిందా?" అని అడిగింది ఉదయలక్ష్మి మెల్లిగా.

ఒబియాగెలి నీళ్ళలో బాతుల్ని చూస్తూ ఆలోచించి చెప్పింది. "ఆ చట్టం చూపించి ఇల్లు తిరిగి దక్కించుకున్న ఆడవాళ్ళున్నారు. ఏరు దాటలేక చదువు మానేసిన పిల్లలూ ఉన్నారు. ఇద్దరికీ జవాబు చెప్పవలసింది నేనే. నా మీద గెలిచినతను ఆ తరవాత వంతెన కట్టించాడు. మంచి వంతెన. నేనూ దాని మీద నడిచాను."

ఆ శీతాకాలంలోనే ఉదయలక్ష్మి మనవరాలు తన్మయికి ఓణీల వేడుక పెట్టుకున్నారు. ఉదయలక్ష్మి ఒబియాగెలిని పిలిచింది. "నేను వెనక వరసలో కూర్చుంటాను. మీరు నా పక్కనే కూర్చోండి, ఏం జరుగుతోందో చెబుతాను."

"మీ మనవరాలి పండగలో మీరు వెనక ఎందుకు?"

ఉదయలక్ష్మి భర్త లేనివాళ్ళ సంగతి వివరించింది. పసుపు కుంకుమలు, పేరంటాలు, ముందు ఎవరు, వెనక ఎవరు. వెంటనే సర్దుకుని, "మా ఇంట్లో నన్నెవరూ వెళ్ళమనలేదండీ. నేనే దూరంగా ఉంటాను" అంది.

ఒబియాగెలి తలూపింది. "బిల్లు రాసేటప్పుడు నాకు మింగుడుపడనిది అదే. 'ఎవరూ బలవంతం చేయకూడదు' అని రాశాను. ఎవరూ అనకుండానే తనంతట తనే పక్కకి తప్పుకునే మనిషికి ఏ చట్టం రాయాలి? నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు."

ఉదయలక్ష్మికి ఆ రోజంతా మనసు మనసులో లేదు.

వేడుక రోజు హాలు నిండిపోయింది. పట్టు ఓణీ వేసుకుని తన్మయి కుర్చీలో కూర్చుంది. కోడలు జయశ్రీ పళ్ళెం పట్టుకుని వెనక వరస దాకా వచ్చింది.

"అత్తయ్యా, అక్షింతలు ముందు మీరే వెయ్యాలి. లేవండి."

"నేనెందుకమ్మా? మీ అమ్మగారి చేత వేయించు."

"మా అమ్మ కూడా అదే అంటోంది, మిమ్మల్నే పిలవమని."

ముందు నుంచి తన్మయి చెయ్యి ఊపింది. "నానమ్మా, కమాన్! ఎవ్రీబడీ ఈజ్ వెయిటింగ్."

ఉదయలక్ష్మి పక్కకి చూసింది. ఒబియాగెలి ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. ఆ ఒక్క విషయంలో ఇంకొకరి తరఫున చెయ్యెత్తే ఉద్దేశం ఆవిడకి లేదని ఉదయలక్ష్మికి అర్థమైంది.

లేచి నిలబడింది. ముందు వరసలో ఎవరో ఎవరి చెవిలోనో ఏదో అన్నారు. ఆగకుండా ముందుకి నడిచింది. మనవరాలి తల మీద అక్షింతలు వేసి, బుగ్గలు నిమిరి, నుదుట ముద్దు పెట్టుకుంది. బాలమురళి పక్కకి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

భోజనాల దగ్గర ఒబియాగెలి పులిహోర రెండోసారి వడ్డించుకుంది.

"ముందు వరసలో ఒకావిడకి నచ్చలేదు. నేను చూశాను" అంది.

"నేనూ చూశాను. మేనత్త వరస. మూడు రోజులు ఫోన్ చెయ్యదు."

"తరవాత?"

"తరవాత ఆవిడే చేస్తుంది, ఊరగాయ ఎలా పెట్టానో అడగడానికి" అంది ఉదయలక్ష్మి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినడం మొదలుపెట్టారు.