సమాధానం కావాలన్న గోడ

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నేను అడక్కుండా ఉండలేని మనిషిని. వైరా బడిలో పిల్లలకంటే వాళ్ల టీచరమ్మే ఎక్కువ ప్రశ్నలు వేస్తుందని పేరు. నాలుగేళ్ల కిందట, తొంభై ఒకటిలో, మా పక్కింటి మేరీ అక్క ఒక మాట చెప్పింది. ఆవిడ మిషన్ దవాఖానాల్లో నర్సుగా పనిచేసి వచ్చింది. భద్రాచలం అవతల అడవిలో వాళ్ల సంఘానికి చిన్న చర్చి ఉందట, దాని గోడ మీద "మా ఊరికి సమాధానం కావాలి" అని రాశారట. "మరి ప్రశ్న ఏంది?" అన్నాను. "పోయి చూసి రా పో" అని నవ్వింది. ప్రశ్న రాయకుండా సమాధానం కావాలనే గోడ ఎక్కడైనా ఉంటుందా? ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. దసరా సెలవులు ఇవ్వగానే బయల్దేరాను.

వైరా నుంచి ఖమ్మం చేరి, పొద్దున్నే భద్రాచలం బస్సు పట్టుకున్నాను. టికెట్ ఇరవై రూపాయలకు కాస్త అటూ ఇటూ. కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తినేయడం మంచిది, పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది, టీ చుక్క కూడా దొరకదు. గోదావరి వంతెన దాటేసరికి పదకొండయింది. అక్కడినుంచి చర్ల రోడ్డున కిరాయి జీపులే దిక్కు, మనుషులు కిక్కిరిస్తేగాని కదలవు. డ్రైవర్ సైదులు నాకు ముందు సీటిచ్చి, "ఏడ దిగుతరు మేడం?" అని అడిగాడు. గోడ మీద సమాధానం అని రాసిన చర్చి దగ్గర అన్నాను.

"గా మాట జర మెల్లగ అనుండ్రి" అన్నాడు. ఆ అడవిలో నక్సలైట్లను అన్నలంటారు. అన్నలకూ పోలీసులకూ నడుమ ఊళ్లు నలుగుతున్న కాలమది. "గోడ మీద రాత జూసి పోలీసోళ్లు మమ్మల్నే జవాబు అడుగుతున్రని గరమైన్రు. అన్నలు గూడ మమ్మల్నే అడుగుతున్రా అని కబురు పంపిన్రు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఇద్దరూ భుజాలు తడుముకున్నరు." నేను పకపకా నవ్వాను. సైదులు నవ్వలేదు. "నవ్వులాట గాదు మేడం. అన్నలకు అన్నం పెట్టిండని ఆ ఊరి భీమయ్యను పోలీసోళ్లు తీస్కపోయిన్రు. వారమాయె, ఇంకా ఇడువలే." నాకు సిగ్గేసి, ఊరొచ్చేదాకా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాను.

చర్చి అంటే మట్టిగోడల మీద పెంకులు కప్పిన ఒక పొడుగాటి గది. పక్కనే మిషన్ వారి చిన్న దవాఖానా. అక్కడ ఎవరికైనా కట్టు కడతారు, తుపాకీ మాత్రం బయట చింతచెట్టు దగ్గరే వదిలి రావాలి. గోడ మీద నీలి అక్షరాలు నిజంగానే మూరెడేసి ఉన్నాయి. వాటి ఎదురుగా పాస్టర్‌గారు సున్నం బకెట్ పెట్టుకుని కూర్చున్నారు. మధిర వైపు మనిషి, మాట మెత్తన. కూర్చోమనకముందే అడిగేశాను, ప్రశ్న ఏమిటని.

"ప్రశ్న లేదమ్మా" అన్నారు. "మా బైబిల్లో సమాధానం అంటే శాంతి. మాకు పుట్టినకాణ్ణుంచీ అదే అర్థం. ఇంకో అర్థం ఉందని రాసేటప్పుడు తోచనే లేదు."

అటు స్టేషన్‌కూ ఇటు అడవిలోకీ ఆయనే వెళ్లి, ఊళ్లోకి తుపాకులు తేవద్దని రెండు వైపులా బతిమాలేవారట. "కప్పను వదలమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. నా బతుకు అట్టా ఉంది" అన్నారు. ముందురోజే ఎస్సై వచ్చి, మర్నాడు సాయంత్రంలోపు రాత చెరిపేస్తేనే భీమయ్య సంగతి చూస్తానని చెప్పి వెళ్లాడు. పాస్టర్‌గారు పొద్దుట్నుంచీ కుంచె ముంచుతున్నారు, మళ్లీ బకెట్‌లోనే పెడుతున్నారు. దేవుడి మాట మీద సున్నం వేయడానికి చెయ్యి రావడం లేదని నాతో చెప్పారు.

అంతలో భీమయ్య భార్య లచ్చమ్మ మాకు జొన్న అంబలి తెచ్చింది. కోయ మనిషి, చదువు రాదు. ఆ మాటకు అర్థమేమిటో, దాన్ని ఎందుకు చెరపమంటున్నారో పాస్టర్‌గారిని అడిగి తెలుసుకుంది. "మాట నాకెందుకయ్యా? నాకు మనిషి కావాలె" అంటూ ఆయన చేతిలోంచి కుంచె లాక్కుంది. ఒక్కో అక్షరం మీదా రెండుసార్లు పూసింది. పాస్టర్‌గారు కళ్లు తుడుచుకున్నారు. నాక్కూడా ఏడుపొచ్చింది. చర్ల పోయి తిరిగొచ్చిన సైదులు గోడ చూసి, స్టేషన్‌లో చెప్పడానికి జీపు తిప్పాడు.

పొద్దు వాలే వేళ అదే జీపులో భీమయ్య దిగాడు. ఒక కాలు నేల మీద సరిగా ఆనడం లేదు. లచ్చమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. తర్వాత ఇద్దరూ కోయలో ఏదో మాట్లాడుకున్నారు. నేను అర్థంకాక చూస్తుంటే పాస్టర్‌గారు చెప్పారు: "ఎందుకు తీసుకుపోయారంట అని అడుగుతోంది. చెప్పలేదంటున్నాడు. ఎందుకు వదిలారంటే అదీ చెప్పలేదట."

లచ్చమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత తెలుగులో, "అయ్యా, నీలిరంగు ఏమన్న మిగిలిందా?" అని అడిగింది.

ఆ రాత్రి పాస్టర్‌గారింట్లోనే పడుకున్నాను. మర్నాడు జీపెక్కేసరికి సున్నం మీద మళ్లీ అదే వాక్యం ఉంది. అందులో 'స' ఒక్కటి వంకరగా ఉంది, అది లచ్చమ్మ దిద్దింది, మిగతావి పాస్టర్‌గారివి. ఆమె ఆ మాటను శాంతి అని రాసిందో, జవాబు అని రాసిందో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. జన్మలో మొదటిసారి అడక్కుండా వచ్చేశాను. ఆ తర్వాత కూడా ఎస్సైలు మారినప్పుడల్లా, అన్నల కబురు వచ్చినప్పుడల్లా గోడకు సున్నం పడుతోందని, పట్టుకుపోయిన మనిషి ఇల్లు చేరగానే అక్షరాలు లేస్తున్నాయని మొన్న భద్రాచలంలో కనబడి సైదులు చెప్పాడు.

మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. వంతెన దగ్గర జీపు ఎక్కేముందు గోడ ఎట్లుందని డ్రైవర్‌ను అడగండి. రాత ఉందంటే నిశ్చింతగా ఎక్కండి. తెల్లగా ఉందంటే ఆ ఊళ్లో ఎవరో ఇంకా ఇంటికి రాలేదని అర్థం, ఆ రోజుకు వెనక్కి తిరగండి.