అంబుబాయి అడిగిన భర్పాయి

1992 వేసవి. సోలాపూర్ జిల్లా కోర్టులో నేను నల్లకోటు వేసుకుని అప్పటికి నాలుగేళ్లు కావస్తోంది. మా ఇల్లు జోడ్‌భావి పేట్‌లో. నాన్న సాంచ మీద, అంటే పవర్‌లూమ్ మీద చాదర్లు నేసేవాడు, అమ్మ ఇంట్లోనే బీడీలు చుట్టేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కోర్టు కాగితాల్లో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య పెరిగినదాన్ని. పేదవాళ్ల కేసులు ఉచితంగా నడిపే లీగల్ ఎయిడ్ వకీళ్లలో నేనూ ఒకదాన్ని. తెలుగు మాట్లాడే ఆడవాళ్లు ఎవరొచ్చినా అక్కడి గుమస్తా నా వైపు వేలు చూపించేవాడు.

అంబుబాయి అలాగే వచ్చింది. నీలం నగర్ మనిషి, నలభైకి కొంచెం అటూ ఇటూ. కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని నా బల్ల ముందు కూర్చుంది. ఎడమచేత్తో ఒక సమన్ తీసి ముందుకు తోసింది.

"ఇండ్ల నన్ను సాక్షి అని రాసిండ్రట బాయీ. చెయ్యి ఇరిగింది నాది. నేను సాక్షినేంది?"

చట్టం లెక్కలో ఆమె సాక్షే. ఫౌజ్‌దారీ కేసు అంటే ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య నడిచే వ్యాజ్యం. దెబ్బ తిన్న మనిషి అందులో ఒక సాక్షి మాత్రమే. బోనెక్కి చెప్పాల్సింది చెప్పి దిగిపోవాలి, అంతే.

జరిగింది తనే చెప్పింది. ఆమె, పక్కింటి రాజవ్వ ఏళ్ల తరబడి ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. రాజవ్వకు భర్త లేడు. ఒక్కడే కొడుకు శంకర్, ఇరవై నిండలేదు, పవర్‌లూమ్ మీద టవల్స్ నేసేవాడు. కూలి చేతికొస్తే తాగేవాడు, అది అయిపోతే తల్లి మీద పడేవాడు. ఒక సాయంత్రం డబ్బుల్లేవన్నందుకు ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. కేకలు విని అంబుబాయి అడ్డం పోయింది. వాడు తలుపుకు వేసే అడ్డకర్ర ఎత్తాడు. రాజవ్వ నెత్తిన పడాల్సిన దెబ్బను అంబుబాయి చెయ్యి ఆపింది.

బొటనవేలి మొదట్లో, చూపుడువేలిలో ఎముకలు విరిగాయి. ఆస్పత్రిలో కట్టు కట్టారు. ఎముకలు అతికాయి కానీ వేళ్లు వంగలేదు. బీడీ పనంతా ఆ రెండు వేళ్లదే. ఆకులో పొగాకు పోసి చుట్టాక కొసను వేలిమొనలతో మడిచి మూయాలి. ఆ మడత పడకపోతే అది బీడీ కాదు. కార్ఖానా ఇచ్చిన కార్డులో ఆమె పేరిట బీడీల లెక్క పడకపోతే కార్ఖానావాళ్లు ఆ కార్డు తీసేస్తారు, దాంతో ప్రావిడెంట్ ఫండ్ కూడా ఆగిపోతుంది. అందుకని ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు పద్మను బడి మాన్పించి తన చోట కూర్చోబెట్టింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకుంది.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357 అని ఒక సెక్షన్ ఉండేది. ముద్దాయికి శిక్ష వేసేటప్పుడు, దెబ్బ తిన్నవాళ్లకు అతని చేత కాంపెన్సేషన్ ఇప్పించే అధికారం కోర్టుకు ఉందని దాని సారాంశం. మా కోర్టులో అందరూ మరాఠీలో 'నుక్సాన్ భర్పాయి' అనేవారు, నష్టం పూడ్చడమని. ఇప్పటిలాగా ప్రభుత్వ నిధి నుంచి ఇచ్చే పథకాలు అప్పుడు మాకు లేవు. అడిగితే ముద్దాయి నుంచే అడగాలి. అయితే అడిగేవాళ్లే తక్కువ. నేను ఆ సంగతి వివరించబోతే అంబుబాయి మధ్యలోనే ఆపింది.

"తడ్‌జోడ్ చేస్కొమ్మని గల్లీల పెద్దమనుషులు గూడ చెప్పిండ్రు. పైసలు దీస్కొని కేసు వాపస్ దీస్కొమ్మన్నరు. ఛీ అన్న. నువ్వు గూడ గదే అంటున్నవా?"

"కాదక్కా. తడ్‌జోడ్ అంటే ఏం గాలేదన్నట్టు నోరు మూస్కునుడు. ఇది గట్ల గాదు. తప్పు జేసిండని ముందు కోర్టు చెప్పాలె. చెప్పినంకనే భర్పాయి మాట."

"ముందు తప్పని చెప్తరా?"

"ముందు గదే."

సమన్‌ను మళ్లీ నా వైపు తోసింది. "గట్లయితే రాయి," అంది.

ఆస్పత్రి సర్టిఫికెట్‌లో ఎముకలు అతికాయని ఒక్క ముక్క ఉంది. దాన్ని చూస్తే ఆమెకు ఏ నష్టమూ జరగలేదనిపిస్తుంది. ఆమెను వెంటబెట్టుకుని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. బొటనవేలి కొసను చూపుడువేలి కొసకు తాకించమన్నాడు. ఆమె పళ్లు బిగించి ప్రయత్నించింది. రెండు వేళ్ల మధ్య ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆయన కొత్త కాగితం తీసుకుని, చేతివేళ్లతో చేసే సన్నపు పని ఈమె ఇక చేయలేదని రాసిచ్చాడు. మా దరఖాస్తుకు ఆ వాక్యమే బలం.

ఒక రోజు నీలం నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. లోపల పద్మ చాట ముందు పెట్టుకుని చుట్టుతోంది. అంతలో ఒకామె గుమ్మం దాకా వచ్చి, బీడీ కట్టలు కొన్ని గడప లోపల పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. ఎవరని అడిగాను.

"రాజవ్వ. నా చెయ్యి ఇరిగిన కాడ్నుంచి గిట్లనే తెచ్చిపెడ్తది. తను చుట్టిన లెక్కల కెళ్లి తీసి నా కార్డు లెక్కకు ఇస్తది. వద్దంటె ఇనది."

"మాట్లాడుకుంటరా?"

"లే. ఏం మాట్లాడ్తం? వాడు ఆమె కొడుకాయె."

కేసుకు రాజవ్వే ముఖ్యమైన సాక్షి. సాక్షి అసలు సంగతి దాటేసి ముద్దాయి వైపు తిరిగితే మేము హాస్టైల్ అంటాం. తల్లి కొడుకు మీద చెప్పదని సర్కారీ వకీలు ముందే చేతులెత్తేశారు. నేనూ ఆశ పెట్టుకోలేదు.

సాక్ష్యం రోజున రాజవ్వ బోనులో నిలబడింది. మరాఠీ వచ్చిన మనిషే, కానీ ఆ రోజు నోట తెలుగు తప్ప రాలేదు. తెలుగు తెలిసిన బెంచ్ క్లర్కు మరాఠీలో చెబుతూ వచ్చాడు. ఎవరు కొట్టారని సర్కారీ వకీలు అడిగారు. ఆమె కొడుకు వైపు చూసింది. వాడు తల వంచుకున్నాడు.

"నా కొడుకే కొట్టిండు. నన్ను కొట్టనీకె ఎత్తిండు, ఆమె అడ్డమొచ్చింది."

ముద్దాయి వకీలు లేచాడు. "ఒక్కగానొక్క కొడుకు. వాడు జైలుకు పోతే నిన్నెవరు చూసుకుంటారు?"

"ఇప్పుడెవ్వరు సూస్తుండ్రు సాయెబ్? నన్ను సూడనీకె వచ్చినామెనే వాడు గొట్టిండు."

క్లర్కు ఆ మాటను మరాఠీలోకి మార్చి చెప్పాక వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

నేరం రుజువైంది. శిక్ష గురించి వాదించే రోజు వచ్చింది. మొదటి తప్పు, చిన్న వయసు, కాబట్టి ప్రొబేషన్ ఇవ్వమని ముద్దాయి వకీలు కోరాడు. ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండా, మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని ఒక అధికారి కనిపెట్టి ఉండేలా వదలడం. ఆ చట్టం కింద కూడా కాంపెన్సేషన్ ఇప్పించవచ్చు. సర్కారీ వకీలు అనుమతితో నా దరఖాస్తు ముందు పెట్టాను. మేజిస్ట్రేట్ గారు రిటైర్మెంట్‌కు దగ్గరపడిన పెద్దాయన. డాక్టర్ కాగితం రెండుసార్లు చదివారు. కూలికి నేసేవాడు ఇదంతా ఎలా కడతాడని అడిగారు.

వెనక నుంచి రాజవ్వ లేచింది. "నేను కడ్త సాయెబ్. బీడీలు జేసి కడ్త. వాన్ని జైలుకు పంపకుండ్రి."

ఎవరో ఒకరు కడతామన్నారు, నాకు అంతకంటే కావలసిందేముంది? ఊపిరి పీల్చుకునేలోపే నా పక్కన అంబుబాయి లేచి నిలబడింది. కొంగు పట్టుకుని లాగాను. కూర్చోలేదు.

"ఆమె చేతుల పైసలు నాకద్దు సాయెబ్."

మేజిస్ట్రేట్ గారు కళ్లద్దాలు తీశారు. "మరి భర్పాయి వద్దా?"

"కావాలె. వాడు కట్టాలె. సాంచ నడిపి, కూలి దెచ్చి, వాడే ఈడికొచ్చి కట్టాలె. ఆమె ఇప్పటికే సగం నా కార్డుకే చుట్టవట్టింది. వాడు తాగుకుంట తిరిగితే, ఆమె రెండు చేతులు గూడ అరిగితే, అది నాకు భర్పాయి ఎట్లయితది? వాడు కొట్టిన దెబ్బకు మల్ల ఆమెనే దెబ్బలు తిన్నట్టు."

రాజవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకును కాపాడమని ఆమె, వద్దని ఈమె అన్నట్టు పైకి కనిపించింది గానీ, అంబుబాయి కాపాడింది మళ్లీ రాజవ్వనేనని నాకు అర్థమైంది.

రెండు రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రొబేషన్ ఇచ్చారు. తాగకూడదు, తల్లి మీద చెయ్యి చేసుకోకూడదు. కాంపెన్సేషన్ వాయిదాల్లో చెల్లించాలి. ముద్దాయి స్వయంగా కోర్టుకు వచ్చి, తన కూలిలోంచి కట్టాలి. తప్పితే పిలిపించి శిక్ష వేస్తారు.

అక్కడితో అంతా సవ్యంగా సాగిందని చెప్పలేను. కొన్నాళ్లు కట్టాడు, తర్వాత పనికి పోవడమూ కట్టడమూ మానేశాడు. ఒకనాడు రాజవ్వ డబ్బు ముడి వేసిన గుడ్డతో, కోర్టులో డబ్బు జమ చేసుకునే నాజర్ కిటికీ దగ్గర కనిపించింది. ముద్దాయే రావాలని ఆయన తిప్పి పంపాడు. ఆమె నా దగ్గరికి వచ్చి ఏడ్చింది.

"వాన్ని లోపటేస్తరు బాయీ. ఒక్కసారి దీస్కొమ్మని అంబుకు చెప్పు."

నాకూ మనసు కరిగింది. వెళ్లి చెప్పాను. అంబుబాయి తల అడ్డంగా ఊపింది. ఆమెకు ఆ డబ్బు అవసరం లేక కాదు. పద్మ అప్పటికీ బడికి పోవడం లేదు.

"ఒక్కసారి దీస్కుంటె, వాడు ఇంకెన్నడు రాడు," అంది.

ప్రొబేషన్ అధికారి రిపోర్టు పంపాడు. మేజిస్ట్రేట్ గారు శంకర్‌ను పిలిపించారు. జైలు వైపు వేలు చూపించి, ఇది ఆఖరిసారి అన్నారు. వాడు పని మానేసిన చోటే కాళ్లావేళ్లా పడి మళ్లీ మగ్గం ఎక్కాడు. వాడు ఆ తర్వాత ఎన్నడూ తాగలేదని నేను ప్రమాణం చేయలేను. తల్లి మీద మాత్రం చెయ్యెత్తలేదని రాజవ్వే చెప్పింది. ఆ తర్వాతి జూన్‌లో బడులు తెరిచినప్పుడు పద్మ తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుని మళ్లీ చదువు మొదలుపెట్టింది.

ఆఖరి వాయిదా రోజున నేనూ ఉన్నాను. కట్టడం అయిపోయినా శంకర్ కదలలేదు. అంబుబాయి ముందు నిలబడి, "చిన్నమ్మా, ఇగ అయిపోయింది గదా," అన్నాడు. మాట మెత్తగానే అన్నాడు. క్షమించానన్న మాట కోసమే నిలబడ్డాడని నాకు అనిపించింది.

అంబుబాయి వాడి కళ్లలోకి చూసింది.

"నువ్వు కట్టింది కట్టినవ్, నేను దీస్కున్న. కోర్టు లెక్క అయిపోయింది. మాఫ్ జేసుడు వేరే ముచ్చట. అది నాకు చాతనైనప్పుడు నేనే చెప్త. అడగకు."

వాడు తల ఊపి వెళ్లిపోయాడు. బయట మెట్ల దగ్గర రాజవ్వ నిలబడి ఉంది. అంబుబాయి ఆమె దగ్గరికి వెళ్లి, "పద, బస్సొస్తది," అంది. ఇద్దరూ కలిసి గేటు దాటారు.

ఆ తర్వాత ఇలాంటి దరఖాస్తులు చాలా రాశాను. ప్రతి ఒక్కరినీ, ఎంత నష్టం జరిగిందన్న ప్రశ్నతో పాటు, అది ఎవరి కష్టం నుంచి రావాలని కూడా అడుగుతాను. కొందరు ఎక్కడి నుంచి వచ్చినా సరే అంటారు, అదీ న్యాయమే. ఉత్తర్వు చేతికొచ్చాక మాత్రం, ఇక మర్చిపొమ్మని ఏ ఒక్కరికీ చెప్పను. నష్టాన్ని కోర్టు కొంత పూడ్చగలదు. క్షమ మాత్రం దెబ్బ తిన్న మనిషి సొంతం. దాన్ని అడిగే హక్కు ముద్దాయికీ లేదు, వకీలుకూ లేదు.