‘అండి’కి ఊపిరి చాలలేదు

బట్టలు కుట్టే మనిషికి నీటితో ఉండే సంబంధం చాలా చిన్నది. కొత్త గుడ్డను కత్తెరకు అప్పగించే ముందు ఒకసారి తడిపి, అది కుదించుకోవలసినంత కుదించుకున్నాక ఆరబెట్టడం, అంతే. ఆ వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆవిడకు యాభై దాటేదాకా నీళ్ళతో అంతకు మించిన పని పడలేదు. మెట్ల కింది గదిలో రెండు మిషన్లు, గోడకు చేర్చిన ఇస్త్రీ బల్ల, మూల పగిలిన నిలువుటద్దం, ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడే టేపు. మిషను మీద వంగీ వంగీ నడుము పట్టేస్తే డాక్టరు మందు రాయకుండా ఈత రాశాడు. పురపాలక సంఘం వారి ఈతకొలనులో, మనవల వయసు పిల్లల పక్కన గట్టు పట్టుకుని కాళ్ళు కొడుతూ ఆవిడ ఈత నేర్చుకున్నది. ఆ ఈతను గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. వేగం లేదు, అందమూ లేదు. కుట్టు పడినట్టు ఒక చెయ్యి తరవాత ఒక చెయ్యి పడుతూ పోతుంది. కాకపోతే మధ్యలో దారం తెగదు.

ఆవిడ వియ్యపురాలు పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు. నోరు తెరిచి పడుకున్నవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళ నుంచి జవాబు రాకపోవడం ఆవిడకు ఏళ్ళ తరబడి అలవాటు. సన్నగా, చురుగ్గా ఉంటుంది. చేప ఈదినట్టు ఈదుతుంది. విదేశంలో ఒక పెద్ద సరస్సు మీద ఏటా జరిగే పందెం మీద ఆవిడ మనసు పడింది. అందులో దీవి నుంచి దీవికి ఈదాలి, దీవి మీద పరుగెత్తాలి, మళ్ళీ నీళ్ళలోకి దిగాలి. ఈదేటప్పుడు బూట్లు విప్పడానికి లేదు. పరుగెత్తేటప్పుడు తడిసిన రబ్బరు దుస్తులు మార్చుకోవడానికి లేదు. జంటగానే చెయ్యాలి. ఇద్దరి నడుములనూ ఒక తాడు కలుపుతుంది. ఒకరు చేరి మరొకరు చేరకపోతే ఇద్దరూ చేరనట్టే. చివరి దీవి మీద ఒక గేటు ఉంటుంది. వేళ దాటితే దానికి అడ్డుతాడు కట్టేస్తారు.

నిరుడు క్లినిక్‌లోని సహాయకురాలిని జోడీగా తీసుకువెళ్ళి, డాక్టరమ్మ ఆ గేటు దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో మాత్రం “ప్రవాహం ఎక్కువగా ఉంది” అని చెప్పింది. అసలు సంగతి సహాయకురాలికి తెలుసు. డాక్టరమ్మ నీళ్ళలో దారి తప్పింది. జీతం ఇచ్చే మనిషితో ఆ మాట ఎలా అనాలో తెలియక ఈమె కూడా వెనకాలే దారి తప్పింది. ఈ ఏడు ఆ సహాయకురాలు మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నది. అందుకు ఆమె మరీ బాధపడినట్టు ఎవరూ చెప్పలేదు.

ఆ కబురు చెప్పడానికే అన్నట్టు డాక్టరమ్మ ఒక సాయంత్రం టైలరమ్మ ఇంటికి వచ్చింది. వెళ్ళబోతూ, సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి ఒక మాట అన్నది.

“మీరూ ఈదుతున్నారటగా వదినగారూ. నాకు జోడీగా మీరే రాకూడదూ?”

“అయ్యో, మీరంతగా అడగాలా వదినగారూ! తప్పకుండా వస్తాను.”

తలుపు వేశాక టైలరమ్మ భర్త పత్రిక కిందికి దించాడు.

“ఆవిడ మాటవరసకి అంది.”

“నేనూ మాటవరసకే అన్నాను.”

“ఇద్దరూ మాటవరసకే అంటే విమానం ఎవరెక్కుతారే?”

ఉపచారమనే మాటకు శాస్త్రంలో ఒక అర్థం, ఇంట్లో మరొక అర్థం. మాటను దాని అసలు అర్థంలో కాక వేరొక అర్థంలో వాడటాన్ని శాస్త్రం ఉపచారమంటుంది. వచ్చినవాళ్ళకు చేసే మర్యాదను ఇల్లు ఉపచారమంటుంది. రెండూ ఒకటేనని వియ్యాలవారి సంభాషణ ఒకసారి విన్నవారికి తెలుస్తుంది. ఆవిడ ఉపచారంగా అడిగింది, ఈవిడ ఉపచారంగా ఒప్పుకున్నది; అవతలి మనిషే వద్దంటుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఎవరూ అనలేదు. టిక్కెట్లు వచ్చేశాయి.

కూతురు ఫోను చేసి గొంతు తగ్గించి మాట్లాడింది. ఆమె కాపురం అత్తగారింట్లోనే.

“అమ్మా, నిరుడు ఆగిపోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఆ పందెం పేరెత్తితే అత్తయ్యగారు లేచి వెళ్ళిపోతున్నారు. ఈసారి నీ వల్ల ఆగిపోతే నేను ఈ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?”

“నా వల్ల ఎందుకు ఆగుతుందే?”

“నువ్వు నెమ్మది కదమ్మా!”

 ఆ రోజు నుంచి టైలరమ్మ కొలనులో మరికొంత ఎక్కువసేపు ఈదింది. సెలవు రోజుల్లో డాక్టరమ్మ కూడా అక్కడికే వచ్చేది. నిచ్చెన దగ్గర “మీరు దిగండి” అని ఒకరు, “అబ్బే, మీరే” అని ఇంకొకరు నిలబడిపోతే, కొలను కాపలాదారు ఈల నోట్లోంచి తీసి అనేవాడు: “ఎవరో ఒకరు దిగండమ్మా, నీళ్ళు చల్లారిపోతున్నాయి!”

విదేశంలో వాళ్ళకు దొరికింది రెండు ఇరుకు మంచాలున్న ఒక గది. కిటికీ తెరిస్తే టైలరమ్మకు చలి. మూస్తే డాక్టరమ్మకు ఊపిరాడదు. “మీ ఇష్టం వదినగారూ,” “కాదు, మీ ఇష్టం” అనుకుంటూ దాన్ని సగం తెరిచి ఉంచారు. ఒకరు చలికి, మరొకరు ఉక్కకు నిద్రలేక, పొద్దున్నే లేచి “హాయిగా నిద్ర పట్టింది” అని ఒకరికొకరు చెప్పుకున్నారు. దేశాలు దాటినా మర్యాదకు అలసట లేదు.

పందెం మొదలయ్యే గట్టు మీద డాక్టరమ్మ నీళ్ళలో కాలు పెట్టి “బాగానే ఉన్నాయండీ” అన్నది. టైలరమ్మ కూడా కాలు పెట్టి “చాలా బాగున్నాయండీ” అన్నది. ఇద్దరి పళ్ళూ టకటకలాడుతున్నాయి. టైలరమ్మ పళ్ళలో రెండు డాక్టరమ్మ కట్టినవే, అవీ ఆగలేదు.

మొదటి దీవులు తేలికగానే గడిచాయి. డాక్టరమ్మ ముందు, టైలరమ్మ వెనక, మధ్య తాడు. ఆఖరు దీవికి చేరే ఈత అన్నిటికన్నా పొడుగైనది. అవతలి గట్టున ఎర్ర జెండా పాతి ఉంటుంది. దాన్ని చూసుకుంటూ ఈదాలి. టైలరమ్మకు సూదిబెజ్జం కళ్ళద్దాలు లేనిదే కనిపించదు గాని, దూరపు వస్తువు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. తల ఎత్తి చూస్తే జెండా కుడివైపు ఉంది. తాడు మాత్రం ఎడమకు గుంజుతున్నది. డాక్టరమ్మ చక్కని వేగంతో, ఎక్కడా తడబడకుండా, ఎవరూ లేని వైపుకు ఈదుకుంటూ పోతున్నది.

మీరేమీ అనుకోకపోతే కాస్త కుడివైపుకు రమ్మని టైలరమ్మ చెప్పబోయింది.

“వదినగారూ, మీరే...”

‘మీరే’ దగ్గర ఒక అల నోట్లోకి వచ్చింది. దగ్గి, ఉమ్మి, మళ్ళీ మొదలుపెట్టింది.

“వదిన...”

ఈసారి ‘వదిన’ దగ్గరే నీళ్ళు తాగింది. ఈదే మనిషికి దొరికేది పక్కకు తిప్పిన నోటికి ఒక్క గుక్క గాలి. గౌరవవాచకాలన్నీ గట్టు మీద కూర్చున్నవాళ్ళ కోసం ఏర్పడినవి. ‘ఆగండి’లోని ‘అండి’కి కూడా ఆ గుక్కలో చోటు లేదు. ఎడమకు పోయిన ప్రతి బారా గేటుకు దూరమవుతున్నది. కూతురి గొంతు చెవిలో వినిపించిందో, నడుముకు తాడు ఒరుసుకున్నదో, టైలరమ్మ రెండు చేతులా తాడు పట్టి లాగి అరిచింది.

“ఆగు!”

డాక్టరమ్మ తల నీళ్ళ మీదికి వచ్చింది. “ఏమన్నారు?”

“కళ్ళు కనబడ్డం లేదా నీకు? జెండా అటుంటే ఎటు పోతున్నావు?”

నోటినిండా పలికే మనుషులు డాక్టరమ్మకు తక్కువగా తగిలారు. పవరున్న ఈత కళ్ళద్దాలు ఆవిడ పెట్టెలోనే ఉన్నాయి. పెట్టుకుంటే చూపు మందగించిందని ఒప్పుకున్నట్టవుతుందని పైకి తియ్యలేదు. ఇప్పుడు ఆవిడకూ ఊపిరి తక్కువగానే ఉంది.

“కనబడదు,” అన్నది. “నువ్వే ముందుండు.”

అప్పటి నుంచి కుట్టు తిన్నగా పడింది. వెనకనున్న వేగం ముందున్న నెమ్మదిని తోస్తూ ఉంటే ఇద్దరూ గట్టెక్కారు. కాని టైలరమ్మ కాళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడే కొయ్యబారిపోయాయి. గేటు దాకా రాళ్ళ మధ్య ఎగుడుదిగుడు దారి. డాక్టరమ్మ ముందుకు దూకింది, తాడు బిగిసింది.

“పరుగెత్తవే!”

“కాళ్ళు రావడం లేదే!”

“వాటిని బతిమాలకు, ఈడ్చు!”

“ఈడ్చి ఈడ్చి బూటు ఊడొచ్చేట్టుంది!”

“ఊడితే ఊడనీ, కాలు ఊడకపోతే చాలు. రా!”

“అరవకు, వస్తున్నా! అందరి నోళ్ళూ తెరిపించి తెరిపించి నీకు నోరు మూసుకోవడం రాలేదు!”

“నువ్వు మూసుకుని పరుగెత్తు!”

‘వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలి’ అంటారు. వీళ్ళకు వియ్యం కుదిరి ఏళ్ళయింది. కయ్యం కుదరడానికి ఒక సరస్సు కావలసి వచ్చింది. ఇంతమాత్రాన మర్యాద దండగని తీర్మానించేవారు తొందరపడుతున్నారు. అదే లేకపోతే ఇద్దరిలో ఎవరూ ఆ నీళ్ళలోకి దిగి ఉండేవారు కారు. అది వాళ్ళను గట్టు దాకా తెచ్చి, మిగతా దూరం వాళ్ళకే వదిలేసింది.

గేటు దగ్గర తెల్లగడ్డం పెద్దమనిషి అడ్డుతాడు ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస చేతిలో పట్టుకుని ఉన్నాడు. రాళ్ళ మధ్యనుంచి అరుపులు వింటూ తాడు పట్టుకున్న చెయ్యి అలాగే ఆపాడు. వాళ్ళ భాష ఆయనకు రాదు. అయినా ఇంత గట్టిగా పోట్లాడుకునేవాళ్ళలో పరుగెత్తే ఓపిక మిగిలే ఉంటుందని గ్రహించినట్టుంది. గడియారం చూసి, నవ్వి, ఇటు రమ్మని చెయ్యి ఊపాడు. ఇద్దరూ ఆయన్ను రాసుకుంటూ దాటిపోయారు. ఆ తరవాత గమ్యం దాకా మిగిలింది చిన్న మడుగు, పొట్టి పరుగు. అక్కడ కుర్చీలు మడిచేస్తున్నారు. చప్పట్లు కొట్టడానికి కుర్చీలు మడిచేవాళ్ళే ఉన్నారు, వాళ్ళే కొట్టారు.

బట్టలు మార్చుకునే గదిలో, చెక్క బల్ల మీద కూలబడి, టైలరమ్మ కూతురికి ఫోను చేసింది.

“ఏమైందమ్మా? గేటు దాటారా?”

జవాబు చెప్పేలోగా గది అవతలి మూల నుంచి ఒక కేక వినిపించింది.

“ఏమే! నా తువ్వాలు మీద కూర్చున్నావు, లేచి ఇటు పడెయ్!”

“లేచే ఓపిక లేదే! నువ్వే వచ్చి లాక్కో!”

ఫోనులో కూతురికి ఆ మాటలన్నీ వినిపించాయి.

“అమ్మా... అత్తయ్యగారిని నువ్వంటున్నావా? పోట్లాడుకున్నారా? చేరలేదు కదూ?”

“చేరామే పిచ్చిదానా, ఇద్దరమూ చేరాం,” అన్నది టైలరమ్మ. “ఉండు, మీ అత్తయ్య నన్ను బల్ల మీంచి తోసేస్తోంది.”